తిరిగివ్వని ముక్క

“నేను వెళ్ళి తిరిగొచ్చేశాను తల్లీ, మీ బోర్డు మాత్రం నన్నింకా పంపనేలేదు!” కిటికీలోంచి తల దూర్చి నవ్వాడు బస్సు డ్రైవరు.

పిడుగు తలెత్తలేదు. ఆఫీసులో అందరూ ఆమెను పిలిచేది అలాగే. బస్టాండులో బస్సుల వేళలు చూపించే బోర్డు పొద్దున్నుంచి నత్తనడక నడుస్తున్న మాట నిజమే, దానికి కారణం తానేనన్నదీ నిజమే.

ఆ బోర్డును నడిపే ప్రోగ్రాం మాస్టారు రాసింది. ఆయన రిటైరై చాలాకాలమైంది. ప్రోగ్రాం మాత్రం వారం పది రోజులకోసారి కంప్యూటర్లో ఉన్న మెమరీ అంతా మింగేసి చతికిలబడుతుంది. వెంటనే ఆఫీసు పెద్ద మేడమ్ ఆయనకు ఫోన్ చేస్తుంది. మాస్టారు గొడుగు పట్టుకుని వస్తారు, రెండు నిమిషాల్లో దాన్ని లేపి కూర్చోబెడతారు, ఆ తర్వాత సాయంత్రం దాకా పాఠాలు చెప్పి, అందరినీ ఆటపట్టించి వెళతారు. పిడుగుకు ఆయనంటే ప్రాణం. అయినా కొత్తగా చేరిన ఉద్యోగం కదా, ఈ జబ్బు తానే కుదర్చాలని పంతం పట్టింది.

“ఎందుకమ్మా నీకీ తలనొప్పి? మాస్టారున్నారుగా,” అంది మేడమ్. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషే. “పైగా ఆయన రాసిన అసలు కోడ్, ఆ సోర్సు కూడా లేదు. ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పోయింది.”

“లేకపోయినా ఫరవాలేదు మేడమ్. నడుస్తున్న ప్రోగ్రాంలోకే ఒక కాపలాదారుణ్ణి పంపించాను. మెమరీ అడిగిన ప్రతిసారీ, తిరిగిచ్చిన ప్రతిసారీ ఆపి రాసుకుంటాడు. తీసుకుని ఎగ్గొడుతున్నదెవరో తేలిపోతుంది. అడుగడుక్కీ ఆపుతాడు కాబట్టే బోర్డు కాస్త నెమ్మదించింది.”

మేడమ్ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. టీ తెచ్చినావిడతో, “ఇంకాసేపాగి చక్కెర లేనిదొకటి తీసుకురా, ఇవాళ మాస్టారు రావచ్చు,” అని చెప్పింది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. చూసి పిడుగు నోరెళ్ళబెట్టింది. మాస్టారి ప్రోగ్రాం ఎంత పద్ధతైనదంటే, తీసుకున్న ప్రతి మెమరీ ముక్కనూ పని కాగానే తిరిగిచ్చేస్తోంది, పక్కింటి గిన్నె కడిగి మరీ ఇచ్చినట్టు. ఒక్క చోట తప్ప. బోర్డు మీద నిమిషం మారినప్పుడల్లా ఒక ముక్క తీసుకుంటోంది. అందులో ఏమీ రాయడం లేదు, దేనికీ వాడడం లేదు, తిరిగివ్వడమూ లేదు.

ఇంత జాగ్రత్తపరుడు మరిచిపోయి చేసే పని కాదిది. కావాలని పెట్టిన చిల్లు.

“బాబాయ్, ఈ బోర్డు ఎప్పట్నుంచి మొరాయిస్తోంది?” అని మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చిన డ్రైవర్ని అడిగింది.

“మాస్టారి భార్య పోయిన కొత్తల్లో మొదలైందమ్మా. ఇంట్లో ఒక్కరే కూర్చుని, మాటా పలుకూ లేకుండా అయిపోయారాయన. ఈ బోర్డు పుణ్యమా అని మళ్ళీ మనిషయ్యారు.”

పిడుగుకు లెక్క కుదిరినట్టనిపించింది. ఒంటరిగా ఉండలేక, నలుగురూ తనను పిలిచేలా ఆ పెద్దాయన ఒక సాకు కల్పించుకున్నారన్నమాట. ఇప్పుడు చెబితే తనకు మంచి పేరొస్తుంది, ఆయనకు ఇక్కడికొచ్చే దారి మూసుకుపోతుంది. ఏం చేయాలో పాలుపోలేదు.

అంతలో బోర్డు ఆగిపోయింది. మేడమ్ ఫోన్ చేసింది. మాస్టారు గొడుగుతో దిగారు, దాన్ని లేపారు, పిడుగు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“దొంగ దొరికాడు మాస్టారూ,” అని మెల్లగా చెప్పి తెర చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. ముఖం రంగు మారింది.

“మేడమ్‌కి చెప్పావా అమ్మడూ?”

“ఇంకా లేదు. ఇది కావాలని పెట్టిందే కదూ?”

“కావాలనే. నీకు పుణ్యముంటుంది, చెప్పకు.”

టీ కప్పుతో మేడమ్ రానే వచ్చింది. “ఏమ్మా, ఏమైనా దొరికిందా?” గొంతులో ఆదుర్దా.

“లేదు మేడమ్. నా వల్ల కాలేదు,” అంటూ పిడుగు తెర మీదున్నదంతా చెరిపేసింది. పొద్దుటి నుంచి పడిన కష్టం, రావాల్సిన మెప్పు దాంతోపాటే పోయాయి.

“పోనీలే,” మేడమ్ ఊపిరి పీల్చుకుంది. కప్పు మాస్టారి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

“నా చేత అబద్ధమాడించారు,” అంది పిడుగు నిష్ఠూరంగా. “తెలిస్తే మాత్రం మిమ్మల్నేమంటారు మాస్టారూ ఆవిడ? అర్థం చేసుకోరా?”

మాస్టారు చక్కెర లేని టీ ఒక గుక్క తాగి, శిష్యురాలు వెళ్ళిన వైపు ప్రేమగా చూశారు.

“నన్నేమంటుంది పిచ్చిదానా? నాకు తెలిసిపోయిందని సిగ్గుపడిపోతుంది.” ఆయన గొంతు తగ్గించారు.

“ఆ చిల్లు పెట్టింది తనే.”