సోయా మాత్రల సీసా

"నా ముందు మింగు," అంటూ అన్సెల్మో సీసా మూత తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు.

మిరేయా నవ్వబోయి ఆగిపోయింది. ఆమె ఈ చెరుకుపేటకు వచ్చి ఏడాదైనా కాలేదు. ఇంట్లోనే సీసాలు పెట్టుకుని అమ్ముతుంది.

"నేనూ రోజూ మింగుతున్నదే తాతా. సోయా గింజల్లోంచి తీసింది. ఆడవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోను లాంటిదే మొక్కల్లోనూ ఉంటుందట. ఎముకలకు బలం."

"ఆడవాళ్ళది తెచ్చి మగపిల్లాడికి పెట్టావా? థూ!"

"ఎదిగే పిల్లలందరికీ మంచిదని సీసా మీదే రాసుంది కదా."

"రాసిందల్లా నిజమేనా?"

చంకలోని ఎక్స్‌రే తీసి ఆమె ముందు పడేశాడు. మనవడి ఎడమ చెయ్యి. బేస్‌బాల్ క్లబ్బువాళ్ళు కుర్రాణ్ణి తీసుకునే ముందు మణికట్టు ఎముక చూసి వయసు తేలుస్తారు.

"జనన పత్రంలో పదహారు. ఎముకేమో పందొమ్మిదంటోంది. దొంగ కాగితమని రేపు గెంటేస్తారు. ఇక వాడికి చెరుకు కొట్టుకునే బతుకే. ఆర్నెల్లు నీ సీసాలే మింగాడు, ఎముక ముదిరిపోయింది!"

మిరేయా ముఖం పాలిపోయింది.

"అయ్యో, అలా అవుతుందని నాకెవరూ చెప్పలేదు తాతా."

"చెప్పకపోతే అమ్మేయడమేనా? పసి ఒళ్ళతో వ్యాపారం. చీ, నీ ఇంట్లో నిలబడాలన్నా రోతగా ఉంది."

"మా పాపకు పదమూడే. దానికీ ఇవే ఇస్తున్నా. దాని ఎముకలూ ముదిరిపోతాయా?"

అన్సెల్మో ఎక్స్‌రే తీసి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. ఆమె పోసిచ్చిన కాఫీ ముట్టలేదు. నోరంతా చేదైతే గుమ్మం బయటికి వెళ్ళి ఉమ్మివచ్చాడు.

"క్లబ్బు డాక్టరుకు రాసివ్వు. ఈ మాత్రల వల్లే ఇలా అయిందని."

"అలా రాస్తే ఇంకెవరైనా నా దగ్గర కొంటారా?"

"నీ సీసాలు ముఖ్యమా, వాడి బతుకు ముఖ్యమా?"

ఆమె రాసింది. సంతకం చేస్తుంటే కాగితం మీద కన్నీటిచుక్క పడింది. తరువాత లేచి, బల్ల మీది సీసాలు ఒక్కొక్కటే తెచ్చి మురికి కాలవలో ఒంపసాగింది. ఆ మాత్రలు నీళ్ళలో ఉబ్బి తేలాయి. అన్సెల్మో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయట మనవడు ఎదురు గోడకు బంతి కొట్టి పట్టుకుంటున్నాడు. గడ్డం మీద బ్లేడు గీరుకున్న గాటు ఇంకా పచ్చిగానే ఉంది.

"విల్కిన్!"

కుర్రాడు తిరగలేదు.

"ఒరే విల్కిన్, నిన్నేరా!"

అప్పుడు ఉలిక్కిపడి చూశాడు.

"వాడి చెవులు కూడా పోయాయా తాతా నా మాత్రలకి?" అంది మిరేయా ఏడుస్తూ.

అన్సెల్మో తల దించుకుని నడిచాడు. జనన పత్రంలో ఉన్న, చచ్చిపోయిన తమ్ముడి పేరు వాడికింకా అలవాటు కాలేదు.