శిఖరం మీద వరస

ఆ ముసలావిణ్ణి పక్కకు నెట్టింది మీరే. చేత్తో కాదు, మాటతో.

కొరియాలో పోయిన పెద్దల్ని తలుచుకునే చుసోక్ పండగ మర్నాడు, ఎర్రబడిన అడవిలో మూడు గంటలు కొండెక్కి, శిఖరం పేరు చెక్కిన రాయి పక్కన ఫొటోకి వరసలో నిలబడ్డారు. సరిగ్గా మీ వంతుకి దొక్సిమ్ అనే ఆవిడ రాయి ముందు చాప పరిచి, కింద సరస్సుకేసి సాష్టాంగపడింది.

"మామ్మా, కొండదేవుడి పూజ అవతల చేసుకోకూడదూ? ఫొటోలో పడుతున్నావు!"

"కొండదేవుడితో నాకేం పని నాయనా? ఆనకట్ట కట్టి మా ఊరు ముంచారు, మా నాన్న సమాధితో సహా. ఇక్కణ్ణుంచైతేనే ఆ చోటు కంటికి ఆనుతుంది. పోయినవాళ్ళకి రెండు దణ్ణాలు. ఇంకొక్కటే ఉంది."

"వెనక నలభై మంది ఉన్నారు మామ్మా!"

ఆవిడ చాప చుట్టేసింది. ఫొటో దిగాక మీకు జాలి పుట్టింది. ఇంటి దగ్గర కుళాయిలో పట్టిన నీళ్ళ సీసా అందించారు.

"ఎక్కడుంటావు నాయనా?"

"సియోల్‌లో."

ఆవిడ ఒక గుక్క తాగింది. "అయితే ఇవి మా ఊరి మీది నీళ్ళే. మీ కుళాయిల కోసమేగా మమ్మల్ని ఖాళీ చేయించింది!"

కాబట్టి, వరసలో మీ వెనకే నిలబడి ఇదంతా విన్న నా డిమాండ్లు:

వరస ఆగాలి.

ఆ చాప మీ చేతులతో మళ్ళీ పరవాలి.

రెండో దణ్ణం పూర్తికావాలి.

ఆ నీళ్ళు మీరిచ్చారని ఎక్కడా చెప్పకూడదు.