బక్ టారంట్ మీసం

“మూలలు చూడండి. కొత్త కార్డుకి చాకు మొనలా ఉంటాయి. ఇవి అరిగిపోయిన సబ్బుబిళ్ళలా ఉన్నాయి,” అన్నాడు లెన్ హ్రబోవ్‌స్కీ, భూతద్దం కంటికి ఆనించుకుని.

బల్లకి అవతల నిలబడ్డ మార్లీన్ బుద్ధిగా తల ఊపింది. ఆమె తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేసిన పాత బేస్‌బాల్ కార్డులు ఓ యాభై దాకా ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళు పారేసిన సామాను ఏరి దాచుకునే తండ్రి ఇల్లు సర్దుతుంటే దొరికాయి, ధర కట్టి చెప్పమని అడిగింది.

జాన్స్‌టౌన్‌లో పాత కార్డుకి ధర కట్టాలంటే లెన్ కొట్టుకే రావాలి. కార్డు ఎవరిదో అతను చూడడు, ఎలా ఉందో చూస్తాడు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి సొంత బావమరిది కార్డుల్ని కూడా చెత్త అని మొహం మీదే చెప్పాడు. బావమరిది ఇప్పటికీ మాట్లాడడు.

హీటరు పక్కన కుర్చీలో అతని తల్లి ఐరీన్ స్వెటరు అల్లుకుంటోంది. మధ్యాహ్నం రెండింటికి తల్లీకొడుకులిద్దరూ లాయరు దగ్గరికి వెళ్ళాలి. ఐరీన్ ఇల్లు మొత్తం లెన్ పేర రాసి సంతకం పెట్టాలి. కూతురు బెర్నీకి గోడ గడియారం వస్తుంది. రోజూ వచ్చి వండిపెట్టేదీ, తల్లి కాళ్ళకి కట్లు మార్చేదీ బెర్నీయే. కానీ ఏం చేస్తాం, లెన్‌కి జరిగిన నష్టం అలాంటిది.

ఆ నష్టం సంగతి వినని వాళ్ళు ఊళ్ళో లేరు. మార్లీన్ మాత్రం ఎలా తప్పించుకుంటుంది?

“నా దగ్గరా ఉండేవండీ, పెట్టెడు,” అన్నాడు లెన్. “నేను సైన్యంలో చేరానో లేదో, ఇదిగో, ఈ మహాతల్లి చెత్తబండికి ఎత్తేసింది. అందులో బక్ టారంట్ ఆడిన మొదటి ఏడాది కార్డు ఉంది. అద్దం అనుకోండి! గీత లేదు, మచ్చ లేదు. ఇవాళ నలభై వేల డాలర్లు.”

“పోయినేడు ముప్ఫై అన్నావు,” అంది ఐరీన్ తలెత్తకుండా.

“ధరలు పెరగవా అమ్మా?”

చచ్చిన గేదెకు పాలెక్కువ. లెన్ పెట్టె విలువ ఏటేటా పెరుగుతూనే వచ్చింది. నిజానికి ఆ పెట్టె పారేసినట్టు ఐరీన్‌కి గుర్తే లేదు. కొడుకు అన్నేళ్ళుగా అంటుంటే అయుంటుందిలే అని ఒప్పేసుకుంది. బిడ్డ బతుకు నా చేతుల్తో నేనే పాడుచేశానని చర్చిలో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. ఇల్లు రాసిస్తానన్నది ఆ బాధతోనే.

లెన్ ఒక్కో కార్డూ తీసి చూసి పక్కన పడేస్తున్నాడు.

“దీనికి రబ్బరు బ్యాండు కోత. దీనికి బబుల్‌గమ్ మరక. ఇది చూశారా, నడుం విరిగింది. సైకిలు చక్రానికి బట్టల క్లిప్పుతో బిగించుంటాడు వెధవ, టపటపా చప్పుడు రావాలని.”

ఆఖరి కార్డు దగ్గర అతని చెయ్యి ఆగింది.

“బక్ టారంట్,” అన్నాడు మెల్లగా. “మొదటి ఏడాదిది.”

ఐరీన్ అల్లడం ఆపింది.

“అయితే నలభై వేలా?” అంది మార్లీన్.

లెన్ కార్డుని దీపం కిందికి జరిపాడు. భూతద్దం వెనక అతని కన్ను పెద్దదైంది, తర్వాత చిన్నదైంది.

“ఈ మీసం ఏమిటండీ?”

“ఆయనకి మీసం లేదా?”

“జన్మలో పెంచలేదు! ఎవడో గీశాడు. ఇది సిరా కూడా కాదు, కనుబొమల పెన్సిలు. వాళ్ళమ్మ అద్దం దగ్గర కొట్టేసుంటాడు. పైగా గోడకి గుచ్చిన బెజ్జం ఒకటి. దీనికి వంద. మిగతా డబ్బా అంతా కలిపి పది.”

“ఇంకాస్త చూసి చెప్పండి.”

“కార్డుకి మొహమాటం తెలీదండీ. మా అమ్మ మీద ఒట్టు, ఎదురుగానే ఉంది, ఇంతకంటే ఒక్క డాలరు ఎక్కువ పలకదు.”

“పోనీలేరా,” అంది ఐరీన్. “చిన్నపిల్లాడు, తెలీక గీసుంటాడు.”

“చిన్నపిల్లాడా! ఏ తల్లి కన్నదో గానీ, ఆ రోజే వీపు విమానం మోత మోగించి ఉంటే ఈ కార్డు బతికేది.”

“ఆ తల్లికి నవ్వొచ్చి ఊరుకుని ఉంటుంది.”

“అదే మరి. పెంపకం!”

ఐరీన్ అల్లిక సంచిలో పెట్టుకుంది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కోటు తొడుక్కుంది.

“పద, వేళవుతోంది. లాయరుతో చెప్పి కాగితాలు మార్పిద్దాం. ఇల్లు నీకూ బెర్నీకీ చెరి సగం.”

లెన్ చేతిలోని భూతద్దం బల్ల మీద పడింది.

“ఆఖరు నిమిషంలో ఇదేం మాటమ్మా? మరి నువ్వు పారేసిన నా కార్డుల సంగతేమిటి?”

ఐరీన్ బల్ల దగ్గరికి వచ్చి కార్డుల కుప్పని తన వైపు లాక్కుంది. ముసలావిడ బక్ టారంట్‌ని ఏరి, కళ్ళజోడు సవరించుకుని కాసేపు చూసి, కొడుకు అరచేతిలో పెట్టింది.

“ఈ మీసం గీసినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు, లెన్నీ.”