బీప్

మా దేశపు రాణిగారు పోయిన మర్నాడు, మా సూపర్ మార్కెట్ మేనేజర్ డంకన్ నల్ల టై కట్టుకుని, బిల్లింగ్ మెషీన్లన్నిటికీ బీప్ శబ్దం తగ్గిస్తూ నా కౌంటర్ దగ్గరకొచ్చాడు.

"రాణిగారి మీద గౌరవంతో, జానిస్."

"పోయినావిడకి బీపులు వినపడతాయా?"

"ఊరంతా ఏడుస్తుంటే నీ కంట్లో చుక్క నీరు లేదు. నువ్వసలు మనిషివేనా?" అంటూ వంగి, మెషీన్ అడుగున బటన్ నొక్కాడు.

నేను ఆ బటన్ వైపే చూస్తున్నాను.

"మార్చిలో ఆసుపత్రి నుంచి మా అమ్మ ఆఖరిసారి ఫోన్ చేసింది. జనం ఉన్నారు, కుర్చీలోంచి లేవొద్దన్నావు. పక్క కౌంటర్ల మోతలో వినపడట్లేదు, కాస్త తగ్గించమని బతిమాలాను. వీటికి తగ్గించే బటనే లేదన్నావు."

డంకన్ టై సర్దుకున్నాడు.

"అమ్మ ఏదో చెప్పింది, డంకన్. నాకు బీపులే వినపడ్డాయి."