వలదారపు కుట్టు

మా అమ్మాయి జ్యోతిర్మయి పాతబట్టలు ఏరి కుట్టిన బొంతని బందరు ఎగ్జిబిషన్‌లో గోడకి వేలాడదీశారు. నా సంతోషం పట్టశక్యం కాలేదు. ఒక్క కాపలా ఆయనకే మూడుసార్లు చెప్పాను, "మా అమ్మాయండీ" అని.

దగ్గరికెళ్తే ఒక ఆకుపచ్చ ముక్క మీద వలదారంతో వేసిన కుట్టు కనపడింది. మా ఆవిడ కొంగు చిరిగితే నేను వేసిన కుట్టది.

"అమ్మ చీరలన్నీ పెద్దకర్మ నాడు హంసలదీవి దగ్గర ఏట్లో వదిలేశాను కదమ్మా?"

"పోటుకి ఒడ్డుకొచ్చాయి నాన్నా. తిడతావని చెప్పలేదు."

పోయినవాళ్ళ బట్టలు మళ్ళీ ఇంటికి తేకూడదు. తిట్టాలి. నోరు తెరిచాను గానీ, చెయ్యి ముందుకెళ్ళి ఆ కుట్టుని తడిమింది.

"ముట్టుకోకూడదండీ," అన్నాడు కాపలా ఆయన.

"మా ఆవిడండీ," అన్నాను.