వియ్యంకుడి మంచం

"మీ ఇంట్లో రాత్రి పండుకోవల్లనా? మా వంశంలో ఎవురూ పరాయి పంచన తెల్లార్చలేదు బావా!" ఓబుళరెడ్డి మీసం దువ్వాడు.

మనవడి పుట్టువెంట్రుకలకు పిలవడానికి ఆత్మకూరు నుంచి బండి కట్టుకొచ్చిన వియ్యంకుడు పుల్లారెడ్డి తల దించుకున్నాడు. మొగుణ్ణి చూస్తే ఓబుళరెడ్డి పెండ్లాం సిద్దమ్మకు ఒళ్లు మండింది. ఈ పొగరుతోనే ఆరేళ్లుగా కూతురి గడప తొక్కలేదు, తననూ తొక్కనివ్వలేదు.

పుల్లారెడ్డి గొంతు తగ్గించాడు. "మాది ఇరుకిల్లు బావా. కిరసనాయిలు కంట్రోలాయె, రాత్రంతా దీపం పెట్టలేం. చీకట్లో పండుకున్న ఆడోళ్లను దాటుకుంటా బయటికి పోవల్ల. అందుకే నా మంచం వాకిట్లో ఏసుకున్నా. రాత్రికి అయిదు మార్లు లేస్తాండా. నీకూ పక్కనే ఏపిస్తా, చెంబు పెట్టిస్తా."

మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"చెంబు పెద్దది పెట్టించు," అన్నాడు ఓబుళరెడ్డి, నేల చూస్తూ.

రాత్రికి అయిదుసార్లు కిర్రుమనే తమ తలుపు సిద్దమ్మకు గుర్తొచ్చింది.

"థూ! ఉచ్చకు లేసేదానికి సిగ్గుపడి ఆరేండ్లు నా బిడ్డను ఏడిపించినావా? దానికి వంశం పేరొకటి!"

చీర మూట చంకన పెట్టుకుని, ఆమె మొగుడికంటే ముందే బండెక్కి కూర్చుంది.

"రా. దావలో ఎన్ని మార్లు దిగుతావో దిగు. ఎద్దులు నిలబడతాయిలే."