స్పిరిట్ వాసన

ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదని ముందే చెబుతున్నాను.

“రోజూ ఎంత తాగుతావయ్యా?” రక్తపరీక్ష రిపోర్టు మీంచి తలెత్తకుండానే అడిగింది డాక్టరమ్మ.

“చుక్క ముట్టనండీ,” అన్నాడు పాలిషు మేస్త్రి.

పక్క కుర్చీలో భార్య మూతి మూడు వంకరలు తిప్పింది. “సాయంత్రమయ్యేసరికి గుప్పుమని వాసన. అడిగితే బీరువాలకి పూసే పాలిషులో స్పిరిట్ అంటారు. బీరువాలే తాగుతున్నాయేమో, పాపం! ఇప్పుడు రిపోర్టే చెబుతోందిగా?”

“లివరు కణాలు దెబ్బతింటే ఎస్‌జీపీటీ అనేది రక్తంలోకి కారుతుందమ్మా. ఈయనకి అది బాగా పెరిగింది. దెబ్బ తగిలిందని చెబుతుంది గానీ, కొట్టిందెవరో చెప్పదు. వేరే మందులేమైనా వాడుతున్నావా? పొడులు, కషాయాలు?”

“జలుబుకి మాత్ర కూడా మింగనండీ.”

నోరు తెరిస్తే మూయని భార్య కొంగు కొసని వేలికి చుట్టుకుంటోంది. మేస్త్రి ఆమె వైపు తిరిగాడు.

“ఏమే?”

“తాగుడు మాన్పిస్తుందని సంతలో పొడి అమ్ముతుంటే... ఎండాకాలం నుంచీ మీ టీలో కలుపుతున్నానండీ.”

“తాగనివాడికా?”

“ముందు ఆ పొడి ఆపండి,” అంది డాక్టరమ్మ. “నా అనుమానం దానిమీదే. నెల పోయాక మళ్లీ చూద్దాం.”

భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. “పిచ్చిమొహమా!” అంటూ మేస్త్రి పకపకా నవ్వి, ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు.

నెల పోయాక ఎస్‌జీపీటీ దిగివచ్చింది.

ఆవగింజంత అన్నాను కదూ? ఆ నవ్వు మాత్రం నేను కలిపిందే. మేస్త్రి నవ్వలేదు. ఇప్పటికీ తన టీ తానే కాచుకుంటాడు.